చెట్టు ఋతువు, ఆబ్కారీ సాలు

కుందూ లోయ ద్రాక్షకు పేరుపడిన చోటు కాదు. పడమటి వైపు ఎర్రమలలు, తూర్పున నల్లమల, నడుమ నల్లరేగడి. జొన్న, కొర్ర, పత్తి పండిన నేల అది, కేసీ కాలువ వచ్చాక వరి కూడా. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఒక కుటుంబం తన పాత ద్రాక్షతీగల నుంచి తీసిన ఎర్ర వైనును ఏటా ఒక నెలలో సీసాలకెత్తి, ఇంటిపేరు అచ్చువేసి అమ్మిన దాఖలా కోసం ఇక్కడ వెతకడం దండగ. కాలిఫోర్నియాలో అలాంటి కుటుంబాలున్నాయి. తాతలు నాటిన జిన్‌ఫండెల్ తీగలు, మనవలు తీసే వైను, సీసా మీద తోట పేరు, కోతకోసిన ఏడాది, ఊరు. తీగ ముసలిదయ్యేకొద్దీ గుత్తులు తగ్గుతాయి, రసం చిక్కబడుతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకానికి ధర కూడా పలుకుతుంది. అయితే ఆ వ్యాపారంలోంచి ద్రాక్షను తీసేసి చూస్తే మిగిలేవి నాలుగు: పాత చెట్టు, దాన్ని సాకే కుటుంబం, ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే దొరికే రసం, ఆ రసానికి తగిలించిన పేరు. మొదటి మూడూ కుందూ ఒడ్డునా నల్లమల అంచునా ఉన్నాయి. వాగుల వెంబడి ఈతచెట్లూ, వాటిని గీసే ఈడిగ కుటుంబాలూ ఉండేవి. అడవిలో ఇప్పచెట్లూ, పువ్వు ఏరే చెంచులూ ఉన్నారు. నాలుగోది మాత్రం రాలేదు. ఈ నేల తాగే రసానికి ఊరి పేరు, ఇంటి పేరు ఎందుకు రాలేదన్నదే ప్రశ్న. రుచి చాలక అనీ, మన నీతి ఒప్పుకోక అనీ రెండు జవాబులు తేలిగ్గా దొరుకుతాయి. రెండూ అరకొర జవాబులే. అసలు కారణం పన్ను. చెట్టును ఇంటి నుంచి విడదీసి పాటదారుకు ముడిపెట్టిన ఆబ్కారీ పద్ధతి ఆ నాలుగో మెట్టు ఎక్కే దారి మూసేసింది.

ముందు ఈతచెట్టు సంగతి. తాటితోపులు కోస్తాలో ఉన్నంతగా ఇక్కడ లేవు. సీమలో కల్లంటే ఎక్కువగా ఈతకల్లే. తాటిని గీసేవాడు పూగెల కొస కోస్తాడు, ఈతను గీసేవాడు మాను మీదే గాటు పెడతాడు. మట్టలు కొట్టి, మొవ్వు కింద లేతభాగాన్ని పలచగా చెక్కి, కారే రసాన్ని కుండలోకి మళ్లిస్తాడు. గాటు లోతైతే చెట్టు చస్తుంది, పైపైన పోతే రసం రాదు. కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు ఆరబెట్టాలి. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు ఎదుటి పక్క గీయాలి. అందుకే చాలాకాలం గీసిన ఈతమాను నిటారుగా ఉండదు, అటొక నొక్కు, ఇటొక నొక్కుగా మెలికలు పడి పైకి పోతుంది. ఆ నొక్కులు లెక్కపెట్టి, గీతకు రాకముందు పెరిగిన ఐదారేళ్లు కలిపితే చెట్టు వయసు తేలుతుంది. ఏ ఏట ఎవరో చెయ్యి తిరగనివాడు గీశాడో, ఏ ఏట చెట్టుకు విశ్రాంతి దొరికిందో కూడా మాను మీద కనిపిస్తుంది. పాత ఈతచెట్టు కల్లు లేతచెట్టు కల్లు కంటే మేలని నేననడం లేదు. చెట్టు వయసును, దాన్ని సాకిన చేతి పనితనాన్ని తరాల పొడవునా నమోదు చేసిపెట్టే ఏర్పాటు ఈ వృత్తిలో సహజంగానే ఉందనడమే నా మాట. ఇక కాలం. చలి ముదిరేకొద్దీ ఈతరసం తియ్యబడుతుంది, ఎండలు ముదిరితే త్వరగా పులుస్తుంది, చెట్టూ అలసిపోతుంది. తెల్లవారుజామున దించిన కుండలో ఉన్నది దాదాపు పానకం. పొద్దెక్కేసరికి నురగ కడుతుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులుపు తప్ప ఏమీ మిగలదు.

ఇప్పసారా కథ వేరు. ఈత వాగు ఒడ్డు చెట్టు, ఇప్ప అడవి చెట్టు. రుద్రవరం, అహోబిలం వైపు నుంచి ఆత్మకూరు, శ్రీశైలం దాకా నల్లమలలో వేసవి మొదట్లో ఇప్ప పూస్తుంది. కండగల పూరేకలు రాత్రిపూట రాలుతాయి. పొద్దు పొడవకముందే ఆడవాళ్లూ పిల్లలూ చెట్టు కిందికి చేరకపోతే ఎలుగుబంట్లు ముందుగా చేరతాయి. ఏరిన పువ్వును బండల మీద ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది, ఏడాదంతా నిలవుంటుంది. తిండి కరువైన నెలల్లో అదే కూడు. కొంత పువ్వును నీళ్లలో నానబెట్టి, ఊట పులిసాక కుండ మీద కుండ పెట్టి వంచితే సారా. 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం రాసిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ కూడా ఇప్పపువ్వు వాళ్లకు ఆహారమూ మద్యమూ రెండూ అని నమోదు చేశాడు. ఇప్పచెట్టు పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది, వచ్చాక తరాలపాటు పూస్తుంది. అందుకే దాన్ని కొట్టరు. సారాకు కావలసిన ముడిసరుకు కోసం చెట్టును బతికించుకునే అవసరం ఆ పద్ధతిలోనే ఉంది. బెల్లం ఊటలో తెల్లతుమ్మ చెక్క వేసి కాచే మైదానపు నాటుసారాకు ఆ అవసరం లేదు. చెక్క ఒలిచిన తుమ్మ ఎండిపోయినా బట్టీ ఆగదు.

ఇప్పుడు పన్ను సంగతి. కల్లు మీద, సారా మీద ప్రభుత్వం చెయ్యి పడడం ఇంగ్లీషువాళ్లతో మొదలుకాలేదు. కందనూరు (కర్నూలు) నవాబుల రాజ్యంలో రాబడికి పనికిరాని వస్తువు తక్కువ. 1830లో కాశీయాత్రకు బయల్దేరి ఈ దారినే వెళ్లిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం యాత్రికుల నుంచి కూడా నవాబు సుంకం వసూలు చేస్తున్న సంగతి రాశాడు. 1839లో కుంపిణీ నవాబును దించింది. 1858లో నవాబు తాలూకాలైన నంద్యాల, సిరివెళ్ల, నందికొట్కూరు, రామళ్లకోటలకు కడప నుంచి కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం, బళ్లారి నుంచి పత్తికొండ కలిపి కర్నూలు జిల్లా చేశారు. అప్పట్లో కల్లు, సారా రాబడి గుత్తకిచ్చేవారు. గుత్తదారు డబ్బు కట్టేవాడు, అమ్మేవాళ్ల దగ్గర రాబట్టుకునేవాడు. అది న్యాయమైన పద్ధతి కాదు, కానీ దానికి చెట్లను లెక్కపెట్టే ఓపిక లేదు. ఆ ఓపిక 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టానికి వచ్చింది. ఆ ఏడే ‘కర్నూలు జిల్లా మాన్యువల్’ కూడా అచ్చయింది. దాన్ని కూర్చిన డిప్యూటీ కలెక్టరు నరహరి గోపాలకృష్ణమ శెట్టే అంతకు ముందు, 1872లో, ‘శ్రీ రంగరాజ చరిత్ర’ అనే వచన ప్రబంధం రాసినవాడు. తెలుగులో తొలి నవల ఏదన్న వాదన లేచినప్పుడల్లా ఆ పుస్తకం పేరు వినబడుతుంది. జిల్లాలోని ఊళ్లూ పంటలూ కులాలూ పుస్తకానికెక్కుతున్న రోజుల్లోనే చెట్లూ దస్తరానికెక్కాయి. కొత్త చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా కల్లుచెట్టు గీయకూడదు, కల్లు దించకూడదు, ఒక చోటి నుంచి మరో చోటికి మోయకూడదు. చెట్టుపన్ను పద్ధతి వచ్చిన చోటల్లా గీసే ప్రతి చెట్టుకూ గుర్తు, దస్తరంలో పద్దు. సారా సంగతి ఇంకా కఠినం. ఊరి బట్టీలు తీసేసి, పెద్ద డిస్టిలరీల్లో కాచిన సారాను డిపోల ద్వారా దుకాణాలకు పంపే ఏర్పాటు క్రమంగా ప్రెసిడెన్సీ అంతా పరుచుకుంది. ఇంట్లో కాచుకోవడం పన్ను ఎగవేత కింద నేరమైంది.

పన్ను ఎంత అన్నదానికంటే పన్ను ఎలా వసూలైందన్నదే ఇక్కడ ముఖ్యం. దుకాణం హక్కు ఏటా వేలం. ఇరవయ్యో శతాబ్దంలో ఆబ్కారీ సాలు అక్టోబరు ఒకటిన మొదలై సెప్టెంబరు ముప్ఫైన ముగిసేది. పైకి చూస్తే ఇది చెట్టుకు అనుకూలంగానే ఉంది, అక్టోబరు తర్వాతే కదా ఈతగీత మొదలయ్యేది. కానీ పాటదారు కట్టే కిస్తీ నెలనెలా ఉంటుంది. ఈతచెట్టు మంచి రసమిచ్చేది నాలుగైదు నెలలు. మిగతా నెలల కిస్తీ ఎక్కడి నుంచి రావాలి? ఆరబెట్టాల్సిన చెట్టును గీయించాలి, నీళ్లు కలపాలి, ఘాటు కోసం మరేదో కలపాలి, లేదా పక్కనే సారా దుకాణం పాట కూడా తనే పాడుకోవాలి. పైగా హక్కు ఒక్క ఏడాదికే. వచ్చే ఏడు పాట ఎవరిదో తెలియనివాడు చెట్టు ఆరోగ్యం ఎందుకు చూస్తాడు? ఐదారేళ్ల తర్వాత గీతకు వచ్చే మొక్కను ఎందుకు నాటుతాడు? మంచి కల్లుకు పేరు తెచ్చుకుందామని ఎందుకు అనుకుంటాడు? పేరు సంపాదించడమంటే వచ్చే ఏటి పాటను తానే పెంచుకోవడం. గీసేవాడి సంగతీ అంతే. అతడు దించిన కుండ దుకాణం చేరగానే పక్కవాడి కుండతో కలిసిపోతుంది. ఏ చెట్టుది, ఎవరి చెయ్యి అన్న తేడా అక్కడితో చెరిగిపోతుంది. సర్కారుకు కావలసిన లెక్క ఎన్ని చెట్లు, ఎన్ని గ్యాలన్లు, ఎన్ని రూపాయలు. ఎవరి కల్లు అన్న గడి ఆ లెక్కలో లేదు. మద్రాసు ప్రభుత్వానికి భూమిశిస్తు తర్వాత అంతటి రాబడి ఇదే కాబట్టి ఆ లెక్కను ఎవరూ ప్రశ్నించలేదు.

పోలికకు మళ్లీ అమెరికా వైపు చూద్దాం. అక్కడ మద్యనిషేధం 1920 నుంచి 1933 దాకా నడిచింది. అలాంటి చట్టం కింద పాత ద్రాక్షతోటలు బతకడం అసాధ్యమనిపిస్తుంది. కానీ జరిగింది వేరు. వోల్‌స్టెడ్ చట్టం ఇంటిని వదిలేసింది. కుటుంబం తన వాడకానికి పండ్లరసం తయారుచేసుకోవచ్చు, ఏటా రెండు వందల గ్యాలన్ల దాకా. ఆ రసం నేలమాళిగలో ఏమవుతుందో చట్టానికి తెలియనిది కాదు. దాంతో కాలిఫోర్నియా ద్రాక్ష రైలుపెట్టెల్లో తూర్పు నగరాలకు పోయింది, తోటల విస్తీర్ణం తగ్గకపోగా పెరిగింది. మందపు తొక్క ఉన్న ద్రాక్ష దూరప్రయాణానికి ఆగుతుంది కాబట్టి ఆ తీగలకు గిరాకీ వచ్చింది. సొనోమా కౌంటీలో పెద్రొన్‌చెల్లి కుటుంబం మూతబడిన వైనరీతో సహా ద్రాక్షతోట కొన్నది సరిగ్గా నిషేధం మధ్యలో, 1927లో. నిషేధం ఎత్తేసేదాకా ద్రాక్ష అమ్ముకుని, ఆ తర్వాత వైను తీసి, ఇప్పటికీ అదే పేరుతో నడుపుతున్నారు. ఫ్రాన్సులోనూ సొంత తోట పండ్లతో పన్ను లేకుండా సారా కాచుకునే హక్కు పల్లె కుటుంబాలకు తరాలపాటు ఉండేది, 1960 ప్రాంతంలో దాన్ని వారసులకు పోకుండా ఆపారు. నిషేధమో పన్నో ఉన్నంత మాత్రాన కుటుంబపు పానీయం చావదు. ఇంటినీ చెట్టునూ ఒక పద్దుగా గుర్తించే సందు చట్టంలో ఉందా లేదా అన్నదే తేడా. మద్రాసు చట్టంలో గుత్తేదారుకు చోటుంది, డిస్టిలరీకి చోటుంది, ఇంటికి లేదు.

దీనికి మొదటి అభ్యంతరం తెలిసిందే: వైను నిలవుంటుంది, కల్లు ఉండదు. పొద్దుటిది సాయంత్రానికి మారిపోయే సరుకుకు ఏ ఏటిదన్న పేరేమిటి? ఇందులో నిజముంది. ఈతకల్లును పీపాలో దాచి పదేళ్ల తర్వాత తెరిచే రోజు ఎన్నడూ రాదు. కానీ నిలవ లేకపోవడం పేరు రాకపోవడానికి చాలిన కారణం కాదు. గోవాలో జీడిమామిడి రసాన్ని మొదటిసారి కాచి తీసే ఉర్రాక్ కొన్ని నెలలకు మించి నిలవదు. వేసవి కోసం జనం ఎదురుచూస్తారు, ఎవరి బట్టీ ఉర్రాక్ అన్నదాన్ని బట్టి ధర పలుకుతుంది. మళ్లీ కాచిన ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో గోవా దాన్ని తన వారసత్వ పానీయంగా ప్రకటించుకుంది. అక్కడ కొండవాలు జీడితోటల్లో చిన్న బట్టీలకు లైసెన్సు దొరికింది. గోవాదాకా పోనక్కర్లేదు, మన బనగానపల్లె మామిడినే చూడండి. అదీ పండగానే తినాలి, మరుసటి ఏటికి దాచలేం. అయినా నంద్యాల పక్కనున్న ఊరు పేరు దేశమంతా పాకింది, 2017లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఆళ్లగడ్డ శిల్పుల పనికీ ఆ గుర్తింపు ఉంది. రాతి విగ్రహం ఫలానా శిల్పి ఇంట తయారైందని చెప్పుకోవచ్చు, బోర్డు పెట్టుకోవచ్చు, కొడుక్కు ఉలి అందించవచ్చు. మామిడిచెట్టుకు నంబరు వేసి ఏటేటా పాట పెట్టి, బనగానపల్లె పండును పక్క తాలూకా పండుతో కలిపి అమ్మాలన్న చట్టం వచ్చుంటే ఆ పేరూ మిగిలేది కాదు. ఇప్పసారా విషయంలో నిలవ అన్న అభ్యంతరమే లేదు, కాచిన సారా చెడదు.

రెండో అభ్యంతరం బలమైనది, నా వాదనను కొంత తగ్గించేది కూడా. కాలిఫోర్నియా కుటుంబానికి తోట సొంతం. ఈడిగ కుటుంబానికి చెట్టు సొంతం కాదు. చెట్టు రైతు గట్టు మీదో, వాగు పోరంబోకులోనో ఉంటుంది. గీసేవాడు గీతకూలీ, మహా అయితే కౌలుదారు. కులం మెట్లలో ఆ వృత్తికి గౌరవం లేదు. అతడి చెయ్యి దించిన కల్లు తాగినవాడే అతణ్ణి ఇంటి గడప దాటనిచ్చేవాడు కాదు. చట్టం రాకముందే పేరుకు అడ్డంకి ఉంది. ఈ మాట ఒప్పుకోవాలి. కానీ పంతొమ్మిదో శతాబ్దంలో కులవృత్తిలో ఉన్న మరికొందరు చెట్టులాంటి ఆస్తి లేకుండానే పనితనంతో ఊరి పేరు తెచ్చుకున్నారు, శిల్పులున్నారు, సాలెవాళ్లున్నారు. సరుకును తామే అమ్ముకునే వీలు వాళ్లకుండేది. గీసేవాడికి ఆ వీలు కూడా చట్టం ఉంచలేదు. అమ్మే హక్కు పాట పాడినవాడిది, పాట పాడాలంటే డిపాజిట్టు కావాలి, డిపాజిట్టు ఉన్నవాడు మోకు కట్టుకుని చెట్టెక్కడు. ఈ పద్ధతిలో కొందరు గీతకులాల వాళ్లూ పాటదార్లయి బాగుపడ్డారు, అది నిజమే. వాళ్లు బాగుపడింది వ్యాపారులుగా, గీసేవాళ్లుగా కాదు. కులం తక్కువచేసిన వృత్తిని ఆబ్కారీ అక్కడే బిగించేసిందనడం సబబు.

మూడో అభ్యంతరం నీతిది. ఇది నవనందుల నేల, అహోబిలం నరసింహుడి నేల, తాగుడును గొప్పచేసే సంస్కృతి ఇక్కడ ఎన్నడూ లేదంటారు. ఆ నరసింహుడే చెంచులింటి అల్లుడు, సంక్రాంతి తర్వాత పారువేటకు బయల్దేరి నెలకు పైగా ఊరూరూ తిరిగి తన కల్యాణానికి అందర్నీ పిలుస్తాడు. ఆ ఊళ్లలో ఈడిగలూ ఉన్నారు, కల్లు ముట్టని ఇళ్లూ ఉన్నాయి. ఒకే నేలలో రెండు మర్యాదలు పక్కపక్కనే బతికాయి. నీతి పేరుతో జరిగిన చట్టాల చరిత్ర చూస్తే అది కూడా నా వాదనకే సాక్ష్యమిస్తుంది. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు ఒకటిన సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు పెంచింది. అంటే ఆళ్లగడ్డకు దక్షిణాన చాగలమర్రి దాటి కడప జిల్లాలో అడుగుపెడితే కల్లు నేరం, ఇవతల కర్నూలు జిల్లాలో అదే కల్లు సర్కారు రాబడి. ఒకే వాగు, ఒకే రకం చెట్టు. పోయిన రాబడిని పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను వచ్చింది, నిషేధం సంగతి ఎలా ఉన్నా ఆ పన్ను మాత్రం ఉండిపోయింది. 1948 నాటికి నిషేధం ప్రెసిడెన్సీ అంతటా పరుచుకుంది. గీసే కుటుంబాలకు వేరే బతుకు చూపించే పని దానితో సమానంగా సాగలేదు. ఆంధ్రరాష్ట్రం వచ్చాక గౌతు లచ్చన్న గీతకార్మికుల పక్షాన ఉద్యమం నడిపారు. ఎస్. వి. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయాలని సిఫారసు చేసింది. ప్రకాశం ప్రభుత్వం ఆ సిఫారసు అమలుచేయలేదు. 1954 నవంబరులో, రాజధాని కర్నూలులో, ఈ అంశం మీదే వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నంద్యాలకు పెద్ద దూరం కాని చోట ఒక ప్రభుత్వాన్ని కూల్చిన విషయం కల్లుచెట్టు. అయినా ఆ చర్చంతా గీత ఉండాలా వద్దా, రాబడి ఎంత పోతుంది అన్న రెండు ప్రశ్నల చుట్టే తిరిగింది. ఉంటే ఎవరి చేతిలో ఉండాలన్నది మూడో ప్రశ్న కాలేదు.

నిషేధం సడలాక తిరిగి వచ్చింది పాత పాట పద్ధతే, ఇంకా పెద్దదై. ఊట, బట్టీ, కుండ అన్నీ పోయి సారా ప్లాస్టిక్ ప్యాకెట్లోకి వచ్చింది. 1980ల్లో దానికి వారుణివాహిని అని సర్కారే పేరు పెట్టింది. ఊరి పేరు, ఇంటి పేరు దక్కని నేలలో సారాకు వచ్చిన మొదటి బ్రాండు పేరు ప్రభుత్వానిది! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం కర్నూలు జిల్లాకూ పాకింది. 1993 అక్టోబరు ఒకటిన, కొత్త సాలు మొదలయ్యే రోజున, కర్నూలు జిల్లావాడే అయిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి సారాను నిషేధించారు. 1995లో ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో చంద్రబాబు నాయుడు దాన్ని సడలించారు. ఆ ఆడవాళ్ల పోరాటాన్ని తలుచుకుంటే పాత కల్లు గురించి మురిపెంగా రాయడం తగదనిపించడం సహజం. తాగుడు ఇల్లు గుల్ల చేస్తుంది, ఇంట్లో కాచిన సారా అయినంత మాత్రాన మొగుడి దెబ్బలు తగ్గవు. ఈ మాటకు ఎదురు లేదు. అయితే ఆ ఆడవాళ్లు తగలబెట్టింది సారా ప్యాకెట్లను, అడ్డుకున్నది వేలంపాటల్ని. ఏడాది పొడవునా, కూలి అందిన సాయంత్రమే, ఇంటి గుమ్మం పక్కనే సరుకు దొరికేలా చేసింది పాటదారు కిస్తీ. ఋతువుతో పాటు వచ్చి ఋతువుతో పాటు పోయే పానీయాన్ని పన్నెండు నెలల సరుకుగా మార్చిన చట్టానికి ఆ ఉద్యమంలో ముద్దాయి స్థానం దక్కాలి. కల్లు మేలని నేననడం లేదు. ఎంత దొరకాలో చెట్టు నిర్ణయించే సరుకు వేరు, డిపో నిర్ణయించే సరుకు వేరు.

చట్టం తర్వాత కొంత దిగివచ్చిన మాట నిజమే. గీతకార్మికుల సహకార సంఘాలు వచ్చాయి. చెట్టు గీసేవాడికే లైసెన్సు ఇచ్చే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) పద్ధతి వచ్చింది. పాటదారు లేకుండా గీసేవాడే అమ్ముకునే వీలు మొదటిసారి దొరికింది. కానీ అప్పటికి ఈత తగ్గిపోయింది. వాగు గట్లు చదునై పొలాల్లో కలిశాయి, కేసీ కాలువ కింద, తెలుగుగంగ కింద ప్రతి అడుగుకూ పంట విలువ పెరిగింది. గట్టు మీద ఈతచెట్టు ఉంచుకోవడానికి రైతుకు కారణం లేదు, ఎందుకంటే ఆ చెట్టు వల్ల అతడికి వచ్చేది ఎప్పుడూ కొద్దిపాటి అద్దే. నల్లమలలో ఇంకో చిక్కు. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచు ఊళ్లు రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాయి. ఇవతల నంద్యాల వైపు ఉన్నవి లేవు. షెడ్యూలు ప్రాంతాల్లో మత్తుపానీయాల మీద నిషేధమో నియంత్రణో గ్రామసభ చేతిలో ఉండాలని 1996 నాటి పీసా చట్టం చెబుతుంది. నదికి ఇవతలి చెంచులకు ఆ మాటా వర్తించదు. ఇప్పపువ్వు ఏరి అమ్ముకోవచ్చు, కేంద్రం మద్దతుధర జాబితాలో కూడా అది ఉంది. నానబెట్టి కాచితే మాత్రం నాటుసారా కేసు. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి గిరిజన సంఘాలకు లైసెన్సులిచ్చే విధానం తెచ్చింది. అక్కడ చెట్టుకూ ఏరేవాళ్లకూ సీసాకూ మధ్య తెగిన దారాన్ని మళ్లీ ముడివేసే ప్రయత్నమది. ఎంత దూరం పోతుందన్నది సీసా ధర ఎవరు నిర్ణయిస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన కొత్త మద్యం విధానం కింద 3,396 ప్రైవేటు దుకాణాలు తెరిచారు. వాటికి అదనంగా పది శాతం లెక్కన దాదాపు 340 దుకాణాలు గీతకులాల వారికి కేటాయించి, 2025 ఫిబ్రవరిలో లాటరీ తీశారు. నూట నలభై ఏళ్ల కిందట చెట్టు నుంచి విడదీసిన కులాలకు ఇది న్యాయమనే ప్రభుత్వం చెప్పింది, లైసెన్సు దక్కిన కుటుంబాలకు ఆదాయమూ నిజమే. ఆ దుకాణాల్లో అమ్మేది డిస్టిలరీల్లో తయారైన విస్కీ, బ్రాందీ, బీరు. కల్లు అక్కడ దొరకదు. కౌంటరు వెనక కూర్చున్నవాడికి మోకు కట్టడం రావలసిన పనిలేదు, ఏ చెట్టును ఏ పక్క గీయాలో తెలియవలసిన పనీ లేదు. చెట్టుకూ గీసేవాడికీ కలిపి ఒక లైసెన్సు, దించిన నెలా ఊరూ రాసి తన పేరు మీద అమ్ముకునే హక్కు, కిస్తీకి బదులు ఋతువుకు తగిన కొద్దిపాటి పన్ను ఇవ్వడానికి శాసనసభలో కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఎక్సైజు నిబంధనల్లో మార్పు చాలు. దానికి ముందు వాగు పోరంబోకుల్లో ఈత నాటాలి. ఇప్పుడు నాటిన మొక్క గీతకు రావాలంటే కనీసం ఐదారేళ్లు, అంటే ఒక ప్రభుత్వపు పదవీకాలానికి తక్కువ కాదు.